వీధిలో వదిలిన పడుగు

మగ్గం ఎక్కే ముందు పడుగుకు గంజి పట్టాలి. నలభై మూరల నూలును వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి, రెండు వైపులా మోకులు కట్టి గుంజి, జొన్న అంబలి పూసి, అది ఆరేదాకా కుంచెలతో దువ్వుతూనే ఉండాలి. కుంచె ఆగితే పోగుకు పోగు అంటుకుంటుంది. దీనికి ఎనిమిది మంది కావాలి. ఏ ఇంట్లోనూ ఎనిమిది మంది పనివాళ్లు ఉండరు కనుక, ఒకరి పడుగుకు ఇంకొకరు పోవడం నేతవాళ్ల వాడుక. దాన్ని బదులు చెయ్యి అంటారు. నువ్వు నా పడుగుకు వస్తే నేను నీ పడుగుకు వస్తాను. ఇందులో మాటల పని లేదు. పొద్దు పొడిచేసరికి కుంచె పట్టుకుని వీధిలో ఉండాలి, అంతే.

మోత్కూర్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ నేతవాడలో ఈ లెక్కకు బయట ఉన్నవాడు ధర్మయ్య సావుకారి ఒక్కడే. అతను ఇంటింటికీ నూలు ఇచ్చి బట్ట తీసుకునేవాడు. సొంత ఇంట్లోనూ నాలుగు మగ్గాలు ఆడించేవాడు. ఆ మగ్గాల పడుగు వీధిలో పరిచిన రోజు వాడవాళ్లు ఇంటి వంతున వెళ్లాలి. అతను మాత్రం ఎవరి పడుగుకూ రాడు. నూలు ఇచ్చే చెయ్యి గనుక ఎవరూ అడగలేదు. పని రానివాడు అనడానికి మాత్రం లేదు. కళ్లు మూసుకుని పోగు తాకి నూలు నంబరు చెప్పగలిగిన మనిషి.

పోలీసు చర్య జరిగిన రెండేళ్లకు, అంటే యాభయ్యో సంవత్సరంలో, ఒక తెల్లవారుజామున ధర్మయ్య పడుగు వీధిలో పడింది. అండాలు ఇంటి వంతు వచ్చింది. ఆమె పెనిమిటి ఎల్లస్వామి సోలాపురంలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి పోయి ఆరు నెలలయింది. ఇంట్లో ఇంకొకరు లేరు. ఆమెకు ఇరవై రెండేళ్లు, ఏడో నెల.

"పానం బాగలేదు సావుకారి. ఇయ్యాల ఒక్కనాడు ఇడిసిపెట్టు" అని ముందురోజే పోయి అడిగింది.

"నువ్వు కుంచె పడితే పడుగు అద్దమోలె ఉంటది. కూసోని దువ్వు పో. ఎవ్వలొద్దన్నరు?" అన్నాడు ధర్మయ్య.

పడుగు ముందు కూర్చుని దువ్వడం కుదిరే పని కాదు. ముందుకు వంగి, అడుగు వెనుక అడుగు వేస్తూ నలభై మూరలు నడవాలి. అండాలు నడిచింది. అంబలి పూసిన కాసేపటికే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. కుంచె కింద పడేసి నేల మీద ఒరిగిపోయింది. పక్కనే కుంచె పడుతున్న మల్లమ్మ "అక్కా!" అని అరిచింది. మోకు పట్టుకున్న మల్లమ్మ మొగడు చెన్నయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఎవ్వలు కదలొద్దు!" ధర్మయ్య గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "తడి మీదున్నది. ఇప్పుడు ఇడిస్తే నూలంతా మన్నుల కలుస్తది. జర ఆరనియ్యి, అటెంక పోదురు."

మంత్రసాని సైదమ్మ ఉండేది కోసు దూరంలోని గూడెంలో. ఒక్క మనిషి పరుగెత్తితే చాలు. ఏడుగురూ కదల్లేదు. అండాలు ధర్మయ్య గోడ నీడకు పాక్కుంటూ పోయింది. కుంచెలు తన ముందునుంచే రెండుసార్లు అటూ ఇటూ పోవడం ఆమె చూసింది. పడుగు ఆరాక చెన్నయ్య పరుగెత్తాడు. సైదమ్మ వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది, ఏడవలేదు. "గడియ ముందు పిలిస్తే చేతులేసి తీస్తుంటి గదా" అని సైదమ్మ అక్కడే నిలబడి తిట్టింది.

ధర్మయ్య ఆ సాయంత్రం ఒక కుండెడు జొన్నలు పంపించాడు. అండాలు ఆ కుండను తలుపు బయటే ఉంచింది. వాడలోని కోళ్లు మూడు రోజులు తిన్నాయి.

ఎల్లస్వామి వచ్చి ఆమెను తనతో సోలాపురం రమ్మన్నాడు.

"నువ్వు పో. నాకీడ పనున్నది" అంది.

"ఏం పని?"

"వాని పడుగుకు చెయ్యి లేకుంట చేసే పని."

ఎల్లస్వామి నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆ తరువాత ఏడాదికి ఒకసారి వచ్చి పోయేవాడు. వాళ్లకు మళ్లీ పిల్లలు కలగలేదు.

మరుసటి ఏడు మల్లమ్మకు నాలుగో నెల వచ్చింది. ధర్మయ్య పడుగు రోజు అండాలు రెండు కుంచెలు పట్టుకుని వీధిలోకి వచ్చింది.

"మల్లమ్మ రాదు. దాని బదులు నేను."

"మరి నీ వంతు?" అన్నాడు ధర్మయ్య.

"అదీ నేనే."

ఒక మనిషి ఇద్దరి పని చేయడం కుదరదని అందరూ అనుకున్నారు. ఆమె చేసింది. ఎడమ చేత్తో పై వైపు, కుడి చేత్తో కింది వైపు దువ్వుకుంటూ పోయింది. చేతులు రెండు రోజులు పైకి లేవలేదు. ఆ ఏడు నెలలు నిండి మల్లమ్మకు ఆడపిల్ల పుట్టింది. చూడబోయిన అండాలు పిల్లను ఎత్తుకోలేదు. కాళ్లు, చేతులు విప్పి చూసి, పోగులు లెక్కపెట్టినట్టు వేళ్లు లెక్కపెట్టి, "మంచిగున్నది. దీని చెయ్యి వానికి దొరకొద్దు" అని వెళ్లిపోయింది.

ఆ మాట మల్లమ్మకు అప్పుడు అర్థం కాలేదు. నెమ్మదిగా వాడకు అర్థమయింది. కడుపుతో ఉన్న ఆడదానికి నాలుగో నెల వచ్చిన రోజు నుంచి కాన్పయి నలభై రోజులు నిండేదాకా కుంచె పట్టే పని లేదు, ఆసు పోసే పని లేదు. ఆసు అంటే అద్దకం నూలును మేకుల చుట్టూ తిప్పడం. ఒక చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోవాలి. ఆ ఇంటి వంతు వాడ చేస్తుంది. ఎవరు చేయాలో అండాలు చెబుతుంది. ఒప్పుకోని ఇంటి పడుగుకు ఆమె రాదు. ఆమె రాని పడుగుకు అంబలి చిక్కన చూసేవాళ్లు లేరు. మగ్గం మీద పోగులు పటపట తెగుతాయి. రెండుసార్లు అలా తెగాక ఒప్పుకోనివాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఆమె ఎవరినీ బతిమాలలేదు. కూర్చోబెట్టి మంచి చెడ్డ చెప్పలేదు. పనితో మెడలు వంచింది.

యాభై అయిదులో పక్క ఊళ్లో నేత సంఘం పెట్టి నూలు ఇవ్వడం మొదలుపెట్టారు. అండాలు ధర్మయ్య నూలు మానేసి సంఘం నూలు తెచ్చుకుంది. ఆ రోజు నుంచి ధర్మయ్య పడుగు మీద ఆమె చెయ్యి వేయలేదు. ఇంకో ఏడాదికి బడి సంగతి ఎత్తింది. పిల్లలు బడికి పోతే కండెలకు నూలు చుట్టేవాళ్లు ఎవరని మగవాళ్లు అడిగారు. "బడికి పంపిన ఇంటికి కండెలు వాడ చుడ్తది. పంపని ఇంటికి ఎవ్వలు చుట్టరు" అంది. మల్లమ్మ బిడ్డను మొదట తీసుకుపోయింది ఆమే. అక్కడి పంతులు దశరథం పిల్ల పేరేమిటని అడిగితే అండాలు "బడి పేరు పెట్టలే. నువ్వే మంచిది చూసి రాయి" అంది. అతను మంజులత అని రాశాడు.

అండాలుకు దశరథం నచ్చింది. మాటలు తక్కువ, చేతిరాత ముత్యాలకు మల్లే ఉండేది, కలం తనే చెక్కుకునేవాడు. ఆమెకు అక్షరం రాదు. ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో అతను పేపర్లో చదివి చెప్పేవాడు, ఆమె నడిచిపోయి తెచ్చేది. సమితి ఆఫీసులో కడుపుతో ఉన్నవాళ్లకు పాలపొడి ఇస్తారని తెలిస్తే డబ్బాలు తల మీద పెట్టుకుని వచ్చింది. మోత్కూర్ దవాఖానా నర్సమ్మ ఆ ఊరు దాటి రానంటే, మూడు వారాలు వరుసగా పోయి ఆమె గడప ముందు కూర్చుంది.

"నీకు పిల్లలెంతమందమ్మా?" అని నర్సమ్మ విసుగ్గా అడిగింది.

"ఒక్కతే. సచ్చిపోయింది. జర లే, ఎండెక్కుతాంది."

నర్సమ్మ లేచింది.

హైస్కూలు పిల్లలకు ఫీజు మాఫీ కాగితం కావాలంటే పట్వారీ దస్కతు కావాలి. పట్వారీ ధర్మయ్యకు దోస్తు. దశరథం కాగితం రాసి ఇచ్చాడు. పట్వారీ రేపు, ఎల్లుండి అన్నాడు. అండాలు ఒక పొద్దున చాప పట్టుకుని పోయి పట్వారీ ఇంటి ముందు పరిచి, రాట్నం పెట్టుకుని నూలు వడకడం మొదలుపెట్టింది. "నీ దస్కతు అయ్యేదాక నా పని నేను చేసుకుంట. నీ పని నువ్వు చేసుకో" అంది. రెండో రోజు మధ్యాహ్నానికి దస్కతు అయింది. ఏటేటా ఆ కాగితాలు పెరిగాయి. యాదగిరిగుట్ట సత్రంలో వంట చేసే కులపోళ్ల ముసలాయనను పట్టుకుని, హైదరాబాదులో నేతవాళ్ల పిల్లలకు ఉండే హాస్టలు ఎక్కడో తెలుసుకుంది. ఇద్దరు మగపిల్లలు అక్కడ ఉండి చదివి ఉద్యోగాలకు కుదిరారు. ఒకడు పోస్టాఫీసులో, ఒకడు కరెంటు ఆఫీసులో. వాడలో అందరూ మురిశారు. అండాలు మాత్రం వేళ్లు మడిచింది. ధర్మయ్య పడుగుకు రావలసిన రెండు జతల చేతులు పోయాయి. ఆ లెక్క ఆమె ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. బిడ్డ పోయిన మూడో ఏడు, సొంత నూలుతో ఆరు మూరల చిన్న పడుగు పోసుకుని, పెరట్లో పరిచి, అంబలి పూసి, కావాలనే వదిలేసింది. అది ఎండి చెక్కలా బిగుసుకుపోయేదాకా చూస్తూ కూర్చుంది. తరువాత వరుస చెదరకుండా రెండు చోట్ల తాడు కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గంజి వదిలించి, మళ్లీ పరిచి పోగు పోగు విడదీసింది. పోగుల్లో పదింట ఒకటి తెగింది. మిగిలినవి దక్కాయి. నాలుగు రోజుల పని. ఆ పడుగును నేసి, ఆ బట్టను పొయ్యిలో పెట్టింది.

అరవై ఎనిమిదిలో మంజులతకు పదిహేడేళ్లు. భువనగిరిలో చుట్టాలింట్లో ఉండి పన్నెండో తరగతి పాసయింది. జూలై మొదటి రోజుల్లో యూనివర్సిటీ వాళ్ల ఆడపిల్లల కాలేజీ నుంచి కాగితం వచ్చింది. తొమ్మిదో తారీఖుకల్లా వచ్చి చేరాలి. ఆ వాడ నుంచే కాదు, చుట్టుపక్కల నేతవాళ్లలో కూడా అంతవరకు పోయిన ఆడపిల్ల లేదు. దశరథం కాగితం రెండుసార్లు చదివాడు. అండాలు "ఇంకోసారి సదువు సారూ" అంది.

ధర్మయ్యకు అప్పటికి అరవై దాటాయి. చూపు తగ్గింది. పట్టు చీరల గిరాకీ పెరిగింది గానీ ఆసు పోసే లేత చేతులు అతనికి దొరకడం లేదు. మంజులత వెళ్తుందని తెలిసి అండాలు అరుగు ముందు ఆగాడు.

"ఏమే అండాలు, పోరగాండ్లనందరిని పట్నం తోలి వాడను బొందపెడ్తవా?"

"వాడను గాదు సావుకారి" అంది ఆమె, తలెత్తకుండా.

ఆమెకు ఒక్క పని మిగిలింది. అది పద్దెనిమిదేళ్ల నుంచి అనుకుంటున్నది. ధర్మయ్య పడుగు తడి మీద ఉండగా అందరిచేత చేతులు విడిపించాలి. మూడో తారీఖు ముసురు వెలిసింది. నాలుగో తారీఖు పొద్దున ధర్మయ్య ఎర్రంచు పడుగు వీధిలో పడింది. ఎర్రంచు నూలు అతను బయట ఎవరికీ ఇవ్వడు, సొంత మగ్గాలకే. వాడలో అందరికీ తెలిసిన గుర్తు అది. కుంచెలు పట్టే నలుగురు ఆడవాళ్లకూ, మిగతా ముగ్గురికీ అండాలు ముందే చెప్పి ఉంచింది, మల్లమ్మతో సహా. చెన్నయ్యకు ఒక్కడికే చెప్పలేదు. సావుకారి ముందు నోరు జారతాడని భయం.

అంబలి పూయడం అయింది. కుంచెలు ఒకసారి పోయి వచ్చాయి. అండాలు తన అరుగు మీద లేచి నిలబడింది.

"ఇడువుండ్రి!"

కుంచెలు కింద పడ్డాయి. పోగులు విడదీసే మనిషి, అంబలి కుండ మనిషి పక్కకు తప్పుకున్నారు. ఒక చివర మోకు వదిలారు. పడుగు నడుమ నుంచి కుంగి మట్టిలో పడింది. గాలి వీచి పోగులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండో చివర మోకు పట్టుకున్న చెన్నయ్య ఒక్కడే దాన్ని వదలకుండా వెనక్కి గుంజుతూ అరుస్తున్నాడు.

"పట్టుండ్రి! మీకు దండం పెడ్త, పట్టుండ్రి! అది నా పడుగు వదినె!"

అండాలు అరుగు అంచుదాకా వచ్చింది.

"ఎర్రంచు నీదెట్లయితది?"

"నిన్న మాపటికి తెచ్చుకున్న. పిల్లకు పెట్టె, బట్టలు గావాలె గదా. నువ్వు తిడ్తవని ఎవ్వలకు చెప్పలే, మల్లమ్మకు గూడ."

సొంత మగ్గాలు ఆడించడానికి మనుషులు చాలక ధర్మయ్య ఆ నూలు చెన్నయ్యకు ఇచ్చాడు. చేతులు దొరక్కుండా చేసింది అండాలే. దాని ఫలితం తిరిగి వచ్చి ఆమె పెంచిన పిల్ల మీదే పడింది. నూలు సావుకారిదే అయినా, ఇల్లు దాటాక పడుగు పాడైతే దాని భారం నేసేవాడిదే. వాడుక అది.

ధర్మయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. అతనికి కోపం రాలేదు. అదే అండాలును ఎక్కువ కాల్చింది.

"పడుగు పాయె. ఫికర్ లేదు చెన్నయ్యా, నీ మొఖం చూసి ఇంకేం అడగ. పిల్ల ఒక యాడాది నా ఇంట్ల ఆసు పోస్తది. కాలేజీ ఏడికి పోతది? పైయేడు గూడ ఉంటది."

మల్లమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. చెన్నయ్య మోకు పట్టుకునే నిలబడ్డాడు. మంజులత గడపలో ఉంది.

అండాలు అరుగు దిగింది.

"పాయెనని ఎవ్వలన్నరు?"

"కండ్లు నాకు కనవడ్తలేవు, నీక్కూడానా?"

"ఎనిమిదో తారీఖు పొద్దుగాల గీ పడుగును గీ వాడలనే పరుస్త. తప్పు చూపియ్యి. చూపిస్తే పిల్ల నీ ఆసు కాడ కూసుంటది. నేను గూడ కూసుంట, నువ్వు సచ్చేదాక."

ధర్మయ్య నవ్వాడు. "చూపియ్యకపోతే?"

"అప్పుడు నీ నోటితోని అందరికినవడేటట్టు చెప్పాలె. తడి మీద ఇడిసిన పడుగు దక్కుతదని."

ధర్మయ్య నవ్వు ఆగింది. కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అంతమంది ముందు కాదనలేక, "సరే" అన్నాడు.

ఆమె ముందుగా చేసిన పని, పడుగు పడ్డది పడ్డట్టే ఉండగా రెండు కొసల్లో పోగుల వరుసను గట్టి తాడుతో కట్టేయడం. వరుస పోతే బ్రహ్మ కూడా ఆ పడుగును సరిచేయలేడు. అప్పటికి గంజి సగం ఎండింది. నలభై మూరలను అట్టలా మడవకుండా, పెద్ద పాములా వంకర్లు పోనిచ్చి అద్దకం తొట్టిలోకి దించారు. గోరువెచ్చని నీళ్లు పోశారు. మల్లమ్మ పిండబోతే అండాలు ఆమె చెయ్యి మీద కొట్టింది. "పిండితే పురి ఇప్పుతది. నీళ్లు మార్చుకుంట ఉండు. అంతే." మట్టి, గంజి నీళ్లలో దిగేదాకా పదకొండుసార్లు నీళ్లు మార్చారు. మంజులత బావి నుంచి తోడి మోసింది.

అయిదో తారీఖు పెరట్లో నీడన పరిచారు. ఎండలో పరిస్తే మిగిలిన గంజి బిగుస్తుంది. అండాలు ఒకవైపు, మల్లమ్మ ఇంకోవైపు కూర్చుని వెదురు పుల్లతో పోగు పోగు ఎత్తుతూ వచ్చారు. అంటుకున్న చోట లాగకుండా తడి వేలితో నలిపి విడదీయాలి. తెగిన చోటల్లా అండాలు అతుకు వేసి, దాని పక్కన చిన్న పసుపు దారం కట్టింది.

"అది ఎందుకు పెద్దమ్మా?" అంది మంజులత.

"అతుకు దాచినమంటడు. దాచలేదని చూపియ్యాలె."

ఆరో తారీఖు మధ్యాహ్నం దాకా మల్లమ్మ పోగులు ఎత్తుతూనే ఉంది. తరువాత పుల్ల పక్కన పెట్టింది.

"అక్కా. గీ పని నీకెప్పటిసంది ఎరుక?"

"నీ పిల్ల మాటలు నేర్చేటప్పటి సంది."

"పదిహేనేండ్లాయె. ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"చెప్తే ఏం జేస్తుంటివి?"

"గానాడు నేను నీ పక్కనే ఉన్న. కుంచె ఇడిస్తే నూలు పోతదనుకున్న. అందరం గట్లనే అనుకున్నం."

"ఎరుకే. నువ్వు నా ముందలికెల్లి అడుగేసి పోయినవు. రెండుసార్లు."

"అక్కా..."

"పుల్ల పట్టు. ఆరిపోతాంది."

"మరి మమ్ముల ఎందుకు సూసుకుంటివి? నా కాన్పు, నా పిల్ల బడి, గిదంత?"

అండాలు పోగు ఎత్తుతూనే జవాబు చెప్పింది. "వాని చేతులు నరకాలంటే మీ చేతులు నా దిక్కు గుంజుకోవాలె. గందుకు. నీ మీద ప్రేమతోని, పావురంతోని గాదు. నీ మీద కోపం గూడ నాకు గట్లనే ఉన్నది మల్లమ్మా. పోలే."

మల్లమ్మ కళ్లు తుడుచుకోలేదు. కన్నీళ్లు పడుగు మీద పడకుండా తల పక్కకు తిప్పుకుని మళ్లీ పుల్ల పట్టింది. మంజులత ఇద్దరినీ చూసి, లేచి ఇంట్లోకి పోయి, తానూ ఒక పుల్ల తెచ్చుకుని నడుమ కూర్చుంది.

ఏడో తారీఖు పొద్దున కొత్త గంజి పట్టారు. అందుకు ఎనిమిది మంది కావాలంటే పద్నాలుగు మంది వచ్చారు. కుంచె అండాలు చేతిలో ఉంది. ఆ రోజు ఆమె అంబలిలో నువ్వుల నూనె ఎంత పోసిందో, ఎంత చిక్కన కలిపిందో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎనిమిదో తారీఖు పొద్దు పొడిచాక పడుగు వీధిలో నిలిచింది. ధర్మయ్య వచ్చాడు. చూపు చాలదు గనుక చేత్తో చూశాడు. ఆ చూడడం మోసం కాదు, పనివాడి చూడడమే. బొటనవేలు, చూపుడువేలు మధ్య పోగుల్ని పాయలు పాయలుగా తీసుకుంటూ ఒక చివర నుంచి కదిలాడు. పసుపు దారం తగిలిన చోటల్లా ఆగి అతుకు తడిమాడు. పది మూరలు, ఇరవై మూరలు. ఒకచోట చాలాసేపు ఆగాడు. చెన్నయ్య మెడ చాచి చూశాడు. ధర్మయ్య ఆ పోగును గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, వదిలేశాడు. చివరిదాకా పోయి, నమ్మకం లేనట్టు తిరిగి మొదటికి వచ్చాడు.

"తప్పు చూపియ్యి సావుకారి" అంది అండాలు.

"లేదు."

"మరి చెప్పు."

ధర్మయ్య ఏదో గొణిగాడు.

"ఇనవడలే. గానాడు నీ గొంతు వీధి ఆ కొసదాక ఇనవడ్డది."

అతను కర్రను నేలలో గుచ్చి నిలబడ్డాడు. "తడి మీద ఇడిసిన పడుగు దక్కుతది" అన్నాడు గట్టిగా. "పనోడుంటే దక్కుతది."

"ఎన్ని దినాల పని?"

"...నాలుగు దినాలు."

పద్దెనిమిదేళ్ల కిందట ఆ వీధిలో కుంచెలు, మోకులు పట్టుకుని నిలబడినవాళ్లలో అయిదుగురు ఇంకా బతికున్నారు. అయిదుగురూ అక్కడే ఉన్నారు. నాలుగు దినాల పనికి బదులుగా ఏం పోయిందో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెన్నయ్య తన ఇంటి మెట్టు మీద కూలబడి ముఖం మోకాళ్లలో పెట్టుకున్నాడు. అండాలు వాళ్లను ఒక్కొక్కరినే చూసింది, తీరిగ్గా. తరువాత పడుగు చుట్టమని చెప్పింది.

తొమ్మిదో తారీఖు పొద్దుటి బస్సుకు మంజులతను మోత్కూర్‌కు తీసుకుపోయింది ఆమే. దశరథం కూడా వచ్చాడు, హైదరాబాదు దాకా తోడు పోవడానికి. పెట్టె బస్సు మీదికి ఎక్కించాక పిల్ల ఆమె కాళ్లకు దండం పెట్టబోయింది. అండాలు కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నాకెందుకు? మీ అమ్మకు పెట్టినవు గదా, చాలు."

"పెద్దమ్మా, నిన్న నువ్వు గెలిచినవు గదా. ఇంక కోపం పోయిందా?"

"లేదు."

"మరేం జేస్తవు?"

"పొద్దుగాల ఎవ్వలి పడుగు ఉంటే వాళ్ల పడుగుకు పోత. నువ్వు మంచిగ సదువుకో. సెలవులకు వస్తే రా, ఆసు మాత్రం ముట్టకు. ముట్టినవని తెలిస్తే చేతులిరుగగొడ్త."

మంజులత నవ్వింది. అండాలు నవ్వలేదు. బస్సు కదిలాక అయిదు మైళ్లు నడిచి వాడకు వచ్చింది.

ఆ తరువాత ధర్మయ్య పడుగుకు ఎవరూ పోలేదు. అండాలు పోవద్దని చెప్పలేదు, చెప్పవలసిన పని లేకపోయింది. అతని నాలుగు మగ్గాల్లో మూడు ఆగాయి. ఆశ్వయుజంలో అతని కొడుకు పరమేశ్వర్ అండాలు అరుగు దగ్గరకు వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"మా ఇంటిదానికి నాలుగో నెల వచ్చింది వదినె. ఎల్లుండి పడుగు ఉన్నది. మా అమ్మకు చాతగాదు. దాన్ని కుంచె పట్టమంటున్నడు బాపు."

అండాలు చేతిలోని కండె చుట్టుకుంటూనే ఉంది. పరమేశ్వర్ వెళ్లిపోవడానికి వెనక్కి తిరిగాడు.

"ఆగు" అంది. "దాన్ని కుంచె ముట్టనియ్యకు. ఎనిమిది మందిని నేను పంపుత. పాలపొడి గూడ మల్లమ్మ తెచ్చిస్తది. నర్సమ్మ ఐతారం నాడు వస్తది, చూపియ్యి."

"నీ రుణం..."

"రుణం లేదు, ఏం లేదు. బదులు చెయ్యి గావాలె. రేపు చెన్నయ్య పడుగు ఉన్నది. మీ ఇంటి తరఫున ఒక మనిషి రావాలె."

"నేనొస్త వదినె."

"నువ్వొద్దు. మీ బాపును పంపు."

మరునాడు పొద్దు పొడవకముందే ధర్మయ్య సావుకారి వీధిలోకి వచ్చాడు. ఒకరి పడుగుకు అతను రావడం అదే మొదటిసారి. పిల్లలు చూడడానికి గోడలెక్కారు. ఎవరో ఆడమనిషి "సావుకారికి అంబలి కుండ ఇయ్యుండ్రి, ఒంటికి పూసుకుంటడు" అంటే అందరూ నవ్వారు. అండాలు నవ్వకుండా అతని చేతికి మోకు ఇచ్చి, తూర్పు చివర, ఎండ ముఖం మీద పడే చోట నిలబెట్టింది.

అంబలి పూశారు. కుంచెలు కదిలాయి. ఆమె పడమటి చివర నుంచి దువ్వుకుంటూ, వంగి, అడుగు వెనుక అడుగు వేస్తూ అతని వైపు వచ్చింది. ముసలాయన పట్టు సడలింది. పడుగు ఆ చివర కిందికి దిగింది.

"బాపు అలసిపోయిండు, జరసేపు నేను పడ్త" అని పరమేశ్వర్ ముందుకు వచ్చాడు.

"తడి మీదున్నది" అంది అండాలు, కుంచె ఆపకుండా. తరువాత ధర్మయ్యతో, "జర ఎత్తి పట్టు" అంది.

అతను ఎత్తి పట్టాడు.